విప్పి చూస్తే కనిపించిన జన్యువు

మగ్గిన అరటిపండ్లు రెండు రోజులు వంటింట్లో ఉండిపోతే చాలు, ఆవగింజంత ఈగలు మూగుతాయి. శాస్త్రవేత్తలు వీటిని డ్రోసోఫిలా అంటారు. ఆడ ఈగ పెట్టే గుడ్డు పొడవు అర మిల్లీమీటరు. వెచ్చగా ఉంటే దాదాపు ఒక్క రోజులోనే ఆ గుడ్డులోంచి నోరు, పేగు, కండరాలు, నాడులు అన్నీ ఉన్న పురుగు పాక్కుంటూ బయటికొస్తుంది.

ఒక్క రోజులో ఇంత పని ఎలా జరిగింది? మొదటి గంటన్నరలో గుడ్డు లోపల కేంద్రకాలు ఎనిమిది తొమ్మిది నిమిషాలకోసారి రెండింతలవుతుంటాయి. అంత హడావిడిలో డీఎన్ఏకి తన నకలు తాను తీసుకోవడమే సరిపోతుంది. పిండం సొంత జన్యువుల్లో చాలావరకు అప్పటికింకా పని మొదలుపెట్టవు. అయినా ప్రోటీన్లు తయారవుతూనే ఉంటాయి. ప్రోటీన్ తయారు కావాలంటే రైబోజోమ్‌లు ఉండాలి. ఒకటీ రెండూ కాదు, కోట్ల కొద్దీ. పిండం వాటిని తయారు చేసుకోలేదు. తల్లి కడుపులో ఉండగానే అండంలోకి అవి చేరిపోయాయి.

ఈ సంగతిని తిరుగులేకుండా చూపించింది కప్పలు. 1964లో డొనాల్డ్ బ్రౌన్, జాన్ గర్డన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రైబోజోమ్ ఆర్ఎన్ఏని అసలు తయారు చేసుకోలేని కప్ప పిండాలను పరిశీలించారు. అవి ఆ లోపంతోనే పెరిగి, తోకకప్పలై, ఈత కొట్టే దశ దాకా వచ్చి, ఆ తర్వాత చనిపోయాయి. అంతవరకు వాటిని నడిపించినవి తల్లి దాచి ఇచ్చిన రైబోజోమ్‌లే.

అండం ఈ నిల్వను ఎలా కూడబెడుతుంది? ఆ ప్రశ్న వెంట వెళ్లినవాళ్లకు అనుకోకుండా ఇంకో పెద్ద ఫలితం చేతికొచ్చింది. పని చేస్తున్న జన్యువు రూపం మొదటిసారి కంటికి కనిపించింది. కీటకాల అండకణాలు ఆ కథలో చాలా ముఖ్యమైన పాత్ర వహించాయి.

రెండు దారులు

కణ కేంద్రకంలో ముదురుగా కనిపించే గుండ్రని చుక్క కేంద్రకాంశం. దాని చుట్టూ పొర ఏమీ ఉండదు. రైబోజోమ్‌కి కావలసిన ఆర్ఎన్ఏ తయారయ్యేదీ, ప్రోటీన్లతో కలిసి రూపు దిద్దుకునేదీ అక్కడే. ఆ ఆర్ఎన్ఏకి సంబంధించిన జన్యువు ఒక్కటే ఉంటే పని సాగదు. అందుకే దాదాపు అన్ని జీవుల్లోనూ ఈ జన్యువు వందల నకళ్లుగా, ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటుంది. డ్రోసోఫిలాలో ఎక్స్, వై క్రోమోజోమ్‌ల మీద సుమారు రెండేసి వందల చొప్పున ఉంటాయి.

మామూలు కణానికి అవి చాలు. అండానికి చాలవు. కీటకాలు ఈ కొరతను తీర్చుకునే దారులు రెండు.

మొదటిది డ్రోసోఫిలా దారి. అక్కడ ఒక కణం నాలుగు సార్లు విభజన చెంది పదహారు కణాలవుతుంది. వాటిలో ఒక్కటే అండం. మిగిలిన పదిహేను పోషక కణాలు. ఇవి తమ డీఎన్ఏని మళ్లీ మళ్లీ నకలు తీసుకుని ఉబ్బిపోయి, రైబోజోమ్‌లు తయారు చేసి సన్నని దారుల గుండా అండంలోకి పంపిస్తాయి. చివరికి తమలో ఉన్నదంతా అండంలో కుమ్మరించి నశిస్తాయి. అండం సొంత కేంద్రకం మాత్రం దాదాపు మౌనంగా ఉంటుంది.

రెండోది కీచురాయి దారి. ఇళ్లలో రాత్రిపూట అరిచే అకీటా డొమెస్టికస్ అనే కీచురాయి అండాశయంలో పోషక కణాలే ఉండవు. రైబోజోమ్‌లన్నీ అండమే తయారు చేసుకోవాలి. అందుకని అండమాతృకణం ఒక ఉపాయం చేస్తుంది. మొత్తం డీఎన్ఏ జోలికి పోకుండా రైబోజోమ్ జన్యువులను మాత్రం విడిగా వేల సంఖ్యలో నకలు తీసుకుని కేంద్రకంలో ఒక ముద్దగా పోగేస్తుంది. అండం పెరిగే దశలో ఆ ముద్ద విడిపోయి, నకళ్లన్నీ పనిలోకి దిగుతాయి. క్రోమోజోమ్‌లతో వీటికి ఇక సంబంధం ఉండదు.

విచిత్రంగా ఈ రెండు దారులనూ ఒకేసారి వాడుకునే కీటకం కూడా ఉంది. అది యూరప్ చెరువుల్లో ఈదే డిటిస్కస్ మార్జినాలిస్ అనే నీటి పెంకుపురుగు. మన చెరువుల్లోనూ ఈ కుటుంబానికి చెందిన పురుగులు కనిపిస్తాయి. దీని అండానికి పదిహేను పోషక కణాలున్నాయి. అవి చాలవన్నట్టు అదనపు జన్యు నకళ్లు కూడా ఉన్నాయి. 1901లోనే ఇటలీ శాస్త్రవేత్త ఆండ్రియా జార్డీనా ఈ పురుగులో కణ విభజన చూస్తూ, రంగు బాగా పట్టే ఒక ముద్ద ప్రతి విభజనలోనూ ఒక్క పిల్లకణానికే వెళ్లడం గమనించాడు. నాలుగు విభజనలు పూర్తయ్యాక ఆ ముద్ద దక్కిన కణమే అండమవుతుంది. అది రైబోజోమ్ జన్యువుల పోగు అని తేలడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. 1969లో జోసెఫ్ గాల్, హెర్బర్ట్ మాక్‌గ్రెగర్ బృందం ఆ సంగతి నిరూపించింది. జార్డీనా చేతిలో ఉన్నది మామూలు మైక్రోస్కోప్, కొన్ని రంగులు మాత్రమే. ఆ ముద్ద ఏమిటో తెలియకపోయినా, అండం కాబోయే కణాన్ని గుర్తుపట్టే ఆనవాలు అదేనని ఆయన సరిగ్గా పట్టుకున్నాడు. మంచి పరిశీలనకు కాలదోషం ఉండదనడానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ ఈ రంగంలో దొరకదు.

పెద్దది చేస్తే సరిపోదు

జన్యువులు ఇన్ని ఉన్నాయి, ఒకే చోట ఉన్నాయి, ఒకే పని చేస్తున్నాయి. ఇక మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటానికి అడ్డేమిటి?

మొదటి అడ్డు వెలుతురే. సాధారణ మైక్రోస్కోప్‌లో సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకే చుక్కగా కలిసిపోతాయి. డీఎన్ఏ మందం 2 నానోమీటర్లు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఈ ఇబ్బంది తీరుతుంది. కానీ అక్కడ రెండో అడ్డు ఎదురైంది. ఎలక్ట్రాన్‌లు మందమైన వస్తువులోంచి సరిగా దూసుకుపోలేవు. అందుకే కణాన్ని గట్టిపరచి, 100 నానోమీటర్ల లోపు మందం ఉన్న పలచని ముక్కలుగా కోసి చూస్తారు. కేంద్రకాంశాన్ని అలా కోస్తే ఒక్కో పోగూ ఎక్కడికక్కడ తెగిపోతుంది. కనిపించేది చిన్న చిన్న నలుసులు, తునకలు. ఏ తునక ఏ పోగుదో చెప్పడం ఎవరి తరమూ కాలేదు. మైక్రోస్కోప్ ఎంత పెద్దదిగా చూపించినా ఆ చిక్కు అలాగే ఉండిపోయింది.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో ఆస్కార్ మిల్లర్, బార్బరా బీటీ చేసిన పని ఈ చిక్కును మరో వైపు నుంచి విప్పింది. వాళ్లు నమూనాను కోయలేదు, వదులు చేశారు. న్యూట్ అనే ఉభయచర జీవి అండకణం నుంచి కేంద్రకాన్ని బయటికి తీసి, దాదాపు ఉప్పు లేని, కాస్త క్షార గుణం ఉన్న నీటిలో వేశారు. డీఎన్ఏ నిండా రుణావేశాలు ఉంటాయి. అవి ఒకదాన్నొకటి నెట్టుకోకుండా కణంలో ఉండే ఉప్పు అయాన్లు అడ్డుపడతాయి. ఉప్పు పోతే అడ్డు పోతుంది. పోగులు ఒకదానికొకటి దూరంగా జరిగి కేంద్రకాంశం నీటిలో మెల్లగా విచ్చుకుంటుంది. 1969లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఆ చిత్రాలు జీవశాస్త్రం తీరునే మార్చాయి. ఈ పద్ధతికి మిల్లర్ స్ప్రెడ్ అని పేరు స్థిరపడింది.

బాక్స్: స్ప్రెడ్ ఎలా చేస్తారు?

అండకణాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి, సన్నని పటకారుతో చీల్చి కేంద్రకాన్ని విడిగా తీస్తారు. దాన్ని ఉప్పు లేని, క్షారత తొమ్మిదికి దగ్గరగా ఉన్న నీటి చుక్కలో ఉంచుతారు. కొన్ని నిమిషాల్లో లోపలి పదార్థం విచ్చుకుంటుంది.

తర్వాత ఒక చిన్న గాజు గదిలాంటి పాత్ర తీసుకుంటారు. దాని అడుగున పలచని కార్బన్ పొర పరిచిన జల్లెడ బిళ్ల ఉంటుంది. బిళ్లపై చక్కెర, ఫార్మలిన్ కలిపిన ద్రావణం పోసి, దాని మీద నమూనా నీటిని వదులుతారు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పోగులు ఆ ద్రావణం గుండా దిగి బిళ్లకు అతుక్కుంటాయి. ఫార్మలిన్ వాటిని ఉన్నచోటే స్థిరపరుస్తుంది.

ఆరేటప్పుడు నీటి తలతన్యత పోగులను తెంచేయగలదు. అందుకే ఫొటో ఫిల్ములు కడిగేటప్పుడు వాడే తడిపే ద్రవంలో ఓసారి ముంచి ఆరబెడతారు. చివరగా టంగ్‌స్టన్ ఉన్న రంగు పట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెడతారు.

ఒక్క బొమ్మలో కదలిక

ఆ చిత్రంలో సన్నని నడిమి పోగు ఒకటి ఉంటుంది. దాని నుంచి పక్కలకు దట్టంగా పీచులు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక కొస దగ్గర పీచులు చాలా పొట్టివి, రెండో కొసకు వెళ్లే కొద్దీ పొడవైనవి. మొత్తం ఆకారం కోసుగా ఉంటుంది గనుక శాస్త్రవేత్తలు దాన్ని క్రిస్మస్ చెట్టు అని పిలవసాగారు. చెట్టు అయిపోయాక కొంత దూరం నడిమి పోగు బోసిగా సాగుతుంది. మళ్లీ ఇంకో చెట్టు. మళ్లీ ఖాళీ. అలా వరసగా.

కదలని బొమ్మ కదలికను ఎలా చెబుతుందో తెలియాలంటే ఒక వీధిని ఊహించుకోవాలి. వీధి మొదట్లో ఒకరి తర్వాత ఒకరు దారం చేతబట్టుకుని బయల్దేరతారు. నడుస్తూనే, అడుగుకో పువ్వు చొప్పున దండ కడుతుంటారు. వీధి చివరికి రాగానే కట్టిన దండ అక్కడ ఇచ్చేసి వెళ్లిపోతారు. ఆ వీధిని పైనుంచి ఒక్క ఫొటో తీస్తే మొదట్లో ఉన్నవారి చేతిలో జానెడు దండ, నడుమ ఉన్నవారి చేతిలో మూరెడు, చివర ఉన్నవారి చేతిలో బారెడు కనిపిస్తుంది. ఒక్క ఫొటోతోనే ఎవరు ఎటు నడుస్తున్నారో, పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో, ఎంత ఎడంతో బయల్దేరుతున్నారో అన్నీ తెలిసిపోతాయి.

ఇక్కడ వీధి అంటే జన్యువు, డీఎన్ఏ పోగు. నడిచేవారు పాలిమరేజ్ అనే ఎంజైమ్ అణువులు. వారి చేతిలో పెరుగుతున్న దండ ఆర్ఎన్ఏ. మిల్లర్, బీటీ దీన్ని ఊహగా వదిలేయలేదు. డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్ కలిపితే నడిమి పోగు తెగిపోయింది. ఆర్ఎన్ఏని, ప్రోటీన్‌ని కరిగించే ఎంజైమ్‌లు కలిపితే పీచులు మాయమయ్యాయి. న్యూట్‌లో ఒక్కో జన్యువు పొడవు రెండు నుంచి రెండున్నర మైక్రాన్లు. దాని మీద ఒకే సమయంలో సుమారు వంద పాలిమరేజ్‌లు నడుస్తున్నాయి.

కీటకాల వలయాలు

ఉభయచరాల్లో కనిపించింది కీటకాల్లోనూ నిజమేనా? జర్మనీలో మైకేల్ ట్రెండెలెన్‌బర్గ్, ఉల్రిష్ షీర్, వెర్నర్ ఫ్రాంకె 1973లో కీచురాయి అండకణాలను ఇదే పద్ధతిలో విప్పి చూశారు. ఆ మరుసటి ఏడాది ట్రెండెలెన్‌బర్గ్ నీటి పెంకుపురుగు చిత్రాలు ప్రచురించాడు. రెండింటిలోనూ అవే చెట్లు, అదే వరస. ఇంకో విశేషం కూడా కనిపించింది. నడిమి పోగుకు చాలాచోట్ల కొసలు లేవు. అది మూసుకున్న వలయం. కొన్ని వలయాల మీద ఒక్క జన్యువు, కొన్నింటి మీద అనేకం.

1974లోనే గాల్, జాన్-డేవిడ్ రోషే కలిసి పెంకుపురుగుల అండాల నుంచి ఈ అదనపు డీఎన్ఏని శుద్ధిచేసి పొడవులు కొలిచారు. వలయాల పొడవులు ఇష్టమొచ్చినట్టు లేవు. అతి చిన్న వలయంలో ఒక జన్యువు, దాని పక్క ఖాళీ కలిపి ఒక పూర్తి ప్రమాణం ఉంది. పెద్ద వలయాలు దానికి రెండింతలు, మూడింతలు ఇలా పూర్ణ సంఖ్యల్లోనే ఉన్నాయి. సగం జన్యువు ఉన్న వలయం లేదు. క్రోమోజోమ్ నుంచి జన్యువులు ఎలా పడితే అలా తెగి వచ్చి ఉంటే ఇంత కచ్చితమైన లెక్క కుదరదు. పూర్తి ప్రమాణాలుగా ఉన్న వలయాల నుంచే కొత్త నకళ్లు పుడుతున్నాయని ఈ కొలతలు సూచించాయి. అదే కాలంలో కప్పల అండాలలో వలయం గుండ్రంగా తిరుగుతూ తోకలా కొత్త నకలును విడిచే దృశ్యం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు చిక్కింది.

1976లో ట్రెండెలెన్‌బర్గ్ బృందం ఈ రెండు కీటకాల వలయాలను పక్కపక్కన పెట్టి కొలిచినప్పుడు, జన్యువుల నడుమ ఖాళీల పొడవు అన్నిచోట్లా సమానంగా లేదని తేలింది. అచ్చు నకళ్లని అనుకున్న వరసలో తేడాలు ఉన్నాయన్నమాట.

పూసలు ఎక్కడికి పోయాయి?

ఇంతలో ఇంకో ఆవిష్కరణ ఈ చిత్రాలకు కొత్త ప్రశ్న తెచ్చిపెట్టింది. 1974లో అదే ఓక్ రిడ్జ్‌లో ఏడా ఓలిన్స్, డొనాల్డ్ ఓలిన్స్ దంపతులు క్రొమాటిన్ పోగును, అంటే ప్రోటీన్లతో కలిసి ఉన్న డీఎన్ఏని, విప్పి చూస్తే దారానికి పూసలు గుచ్చినట్టు కనిపించింది. ఒక్కో పూస పది నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ. హిస్టోన్ ప్రోటీన్ల ముద్ద చుట్టూ డీఎన్ఏ చుట్టుకుంటే అది పూస. దానికే న్యూక్లియోసోమ్ అని పేరు. ఇలా చుట్టుకోవడం వల్ల డీఎన్ఏ పొడవు ఆరేడు రెట్లు తగ్గుతుంది.

కానీ పనిలో ఉన్న రైబోజోమ్ జన్యువుల మీద పూసలు కనిపించవు. లెక్క వేసి చూసినా ఇది అర్థమవుతుంది. రెండున్నర మైక్రాన్ల పోగు మీద వంద పాలిమరేజ్‌లు ఉంటే ఒక్కోదానికి దక్కే చోటు 25 నానోమీటర్లు. పాలిమరేజ్ తానే అందులో సగం దాకా ఆక్రమిస్తుంది. మిగిలిన చోటు పూసల వరసకు చాలదు. పొడవు కొలతలూ ఇదే మాట చెప్పాయి. చురుకైన జన్యువు క్రొమాటిన్ పొడవు, ప్రోటీన్లు తీసేసిన వట్టి డీఎన్ఏ పొడవు దాదాపు సమానం. అంటే అక్కడ పోగు చుట్టుకుని లేదు, సాగి ఉంది.

ఇక్కడ న్యాయమైన సందేహం ఒకటుంది. ఉప్పు లేని నీరే పూసలను ఊడగొట్టి ఉండవచ్చు కదా? అందుకు జవాబు అదే బిళ్ల మీద దొరికింది. పనిలో లేని క్రొమాటిన్ పక్కనే ఉంది, అదే నీటిలో విచ్చుకుంది, దాని మీద పూసలు చెక్కుచెదరలేదు. షీర్ న్యూట్ అండాల్లో మరో సంగతి చూపించాడు. ఆర్ఎన్ఏ తయారీ మందగించిన దశలో కేంద్రకాంశపు పోగు మీద పూసలు మళ్లీ ప్రత్యక్షమవుతాయి. అంటే పూసలు ఉండటం, లేకపోవడం జన్యువు పనిని బట్టే ఉంది.

మరి పాలిమరేజ్‌లు వచ్చి పూసలను తోసేస్తాయా, పూసలు ముందే తొలగి దారి ఇస్తాయా? దీనికి ఇంకో కీటకం సాయపడింది. అమెరికాలో జిల్లేడు కుటుంబపు మొక్కల గింజలు పీల్చి బతికే ఆంకోపెల్టస్ అనే నల్లి జాతి పురుగు పిండాలను విక్టోరియా ఫో వేర్వేరు వయసుల్లో విప్పి చూసింది. 1978లో ప్రచురించిన ఆ పరిశీలనలో, రైబోజోమ్ జన్యువుల మీద ఒక్క ఆర్ఎన్ఏ పీచు కూడా లేని సమయంలోనే పోగు నున్నగా మారి ఉంది. కాబట్టి ముందు పోగు సిద్ధమవుతుంది, తర్వాతే పాలిమరేజ్ దిగుతుంది. దాదాపు పదేళ్ల తర్వాత క్షీరద కణాల్లో పూర్తిగా వేరే రసాయన పద్ధతితో, చురుకైన జన్యువులు విప్పుకుని ఒక గుంపుగా, నిద్రలో ఉన్నవి పూసలతో మరో గుంపుగా ఉన్నాయని రుజువైంది. స్ప్రెడ్ చిత్రాలను నమ్మినవాళ్లు సరిగ్గానే నమ్మారు.

పీచు చివర ముడి, చెడిన జన్యువుల జాడ

చెట్టు కొమ్మల కొసల్లో చిన్న ముడులు మొదటి నుంచీ కనిపిస్తూనే ఉన్నాయి. చాలాకాలం అవేమిటో ఎవరికీ తేలలేదు. 1993లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆన్ బేయర్ కూడా ఉన్న ఒక బృందం దీన్ని తేల్చింది. ఆర్ఎన్ఏ ఇంకా తయారవుతుండగానే దాని కొసను కత్తిరించి సరిచేసే ప్రోటీన్ల ముఠా అక్కడ చేరుతోంది. ఆ గుంపే ముడి. రైబోజోమ్ నిర్మాణం జన్యువు మీద ఉండగానే మొదలైపోతుందని దీంతో స్పష్టమైంది. ఈ రంగంలో అన్నిటికంటే అందమైన ఫలితం ఇదే అనవచ్చు. పాతికేళ్లుగా అందరి కళ్లెదుట ఉన్న చిత్రంలోనే జవాబు ఉంది.

డ్రోసోఫిలా ఇంకో పాఠం నేర్పింది. దాని రైబోజోమ్ జన్యువుల్లో చాలావాటి నడుమ ఆర్1, ఆర్2 అనే దూకే డీఎన్ఏ ముక్కలు వచ్చి చొరబడి ఉంటాయి. అలా చెడిన జన్యువు నుంచి పనికొచ్చే ఆర్ఎన్ఏ రాదు. ఈగ ఎలా నెట్టుకొస్తోంది మరి? స్ప్రెడ్‌లలో చూస్తే ఇలాంటి జన్యువులు అరుదుగానే పనిచేస్తున్నాయి. కణం వాటిని ఏదో విధంగా గుర్తుపట్టి మూసి ఉంచుతోంది. నకళ్లు వందల్లో ఉండటం వల్ల కలిగిన వెసులుబాటు ఇది. నకళ్లు మరీ తగ్గిపోయిన ఈగల్లో ఒంటి మీది నూగు పొట్టిదైపోతుంది, పెరుగుదల కుంటుపడుతుంది. ఎక్స్ క్రోమోజోమ్ మీద బాబ్డ్ అనే పేరుతో తెలిసిన లోపం ఇదే.

ఆసుపత్రి దాకా, మళ్లీ బతికి ఉన్న కణం దాకా

ఆక్టినోమైసిన్-డి అనే మందును క్యాన్సర్ చికిత్సలో ఏళ్లుగా వాడుతున్నారు. తక్కువ మోతాదులో అది ముందుగా దెబ్బకొట్టేది రైబోజోమ్ జన్యువుల పనినే. న్యూట్ అండాలకు ఆ మందు ఇచ్చి స్ప్రెడ్ చేస్తే, చెట్ల మీది పీచులు రాలిపోవడం కళ్లకు కట్టింది. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలకు రైబోజోమ్‌లు ఎక్కువ కావాలి గనుక వాటి కేంద్రకాంశాలు పెద్దవవుతాయి. రోగ నిర్ధారణ చేసే వైద్యులు ఈ గుర్తును చాలాకాలంగా చూస్తున్నారు. ఈ జన్యువుల పాలిమరేజ్‌ను అడ్డుకునేందుకు రూపొందించిన కొత్త మందులను మనుషుల మీద పరీక్షిస్తున్నారు.

స్ప్రెడ్‌కు ఒక పరిమితి ఉంది. విప్పిన పోగు జన్యువు పనిని చూపిస్తుంది గానీ, విప్పక ముందు ఆ పోగు కేంద్రకాంశంలో ఎలా మడతపడి ఉందో చెప్పదు. 2011లో క్లిఫర్డ్ బ్రాంగ్విన్, టిమోతీ మిచిసన్, ఆంథొనీ హైమన్ కప్ప అండంలో కేంద్రకాంశాలను బతికి ఉండగా గమనించి, అవి ద్రవ బిందువుల్లా ఒకదాన్నొకటి తాకి కలిసిపోతాయని చూపారు. క్షీరదాల కేంద్రకాంశంలో మూడు భాగాలు స్పష్టంగా ఉంటాయి. కీటకాల్లో మామూలుగా రెండే. మూడో భాగం సరీసృపాల దగ్గర మొదలై పక్షులు, క్షీరదాల్లో స్థిరపడిందని మార్క్ తిరీ, డెని లఫోంటెన్ 2005లో వివరించారు. ఇక స్ప్రెడ్ పరిమితి విషయానికొస్తే, నమూనాను జెల్‌లో పెట్టి, నీరు పీల్పించి, దాన్నే నాలుగైదు రెట్లు ఉబ్బించి మామూలు మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి 2015 నుంచి అందుబాటులోకి వచ్చింది. నీటితో పోగులను ఎడంగా జరపడమే ఇక్కడా జరుగుతోంది. తేడా ఏమిటంటే జెల్ పట్టు వల్ల ఏ పోగు ఎక్కడ ఉండేదో ఆ అమరిక చెడదు. రైబోజోమ్ జన్యువుల పోగు మడతలను విప్పకుండానే లెక్కపెట్టడానికి పరిశోధకులు ఇలాంటి పద్ధతులనే ఆశ్రయిస్తున్నారు.